తేలిన గింజలు

గోదావరిఖని,
శ్రావణ సోమవారం.

పూలమ్మకు, మీ వదినె సారవ్వ దీవించి రాసేది.

ఎల్లమ్మ తల్లి దయతోని మీ అన్న రోజూ డ్యూటీకి పోయి వస్తున్నడు. నువ్వు, పిల్లలు కూడ చల్లగ ఉండాలె. నాకు ఫోన్ల మాట సరిగ వినవడదని నీకు ఎరికే. నాకు వినవడేటట్టు గట్టిగ మాట్లాడితే ఈ రెండర్రల ఇంట్ల సహస్ర కూడ వింటది. ఈ ముచ్చట నా బిడ్డ చెవిన పడుడు నాకు ఇష్టం లేదు. అందుకే మా అక్క కొడుకు బిక్షం చేతికి ఉత్తరం ఇస్తున్న. వాడు ఐతారం ఇంటికి వచ్చి మళ్ళ గోలేటి డ్యూటీకి పోతడు కద. జవాబు కూడ వాని చేతికే ఇయ్యి.

సహస్రను ఐదో నెలలనే పురుడుకు తోలుకొచ్చినం. ఇప్పుడు ఏడో నెల నడుస్తున్నది. పోయినేడు దాని కడుపు నిలువలేదు, నీకు తెలుసు. అప్పుడు అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. ఇప్పుడు దవాఖానల చూపెడితే రక్తం తక్కువున్నదన్నరు. డాక్టరమ్మ గోళీలు రాసింది. మంచిగ తినుమన్నది. ఏం తినాలె పూలమ్మా? మాకు దొరికేది రేషన్ కార్డు మీది కంట్రోల్ బియ్యం. ఆ బియ్యంలనే ఏదో కలుస్తున్నది.

కడుగుతాంటే కొన్ని గింజలు పైకి తేలుతున్నయి. చూడనీకి బియ్యం తీరే ఉంటయి గాని మెరుపు లేదు. పంటి కింద పెడితె పిండి తీరు నలుగుతయి. పక్కింటి ఐలవ్వ నాకు ఫోన్ల చూపెట్టింది. ఎవరో అన్నం ముద్ద చేసి గోడకు కొడితే బంతి తీరు ఎగిరి వచ్చింది. ప్లాస్టిక్ బియ్యమట, పేదోళ్ళకు పోస్తున్నరట. బొగ్గు బాయి కాడ మధ్యాహ్నం బ్లాస్టింగు అయితే మా ఇల్లు అదురుతది, గిన్నెలు కదుల్తయి. ఇన్నేండ్లల్ల దానికి నేను బుగులు వడలేదు. ఇప్పుడు చాటల బియ్యం చూస్తె గుండె దడ పుడుతున్నది.

అందుకని వానకాలం మొదలు కాకముందు సంది ఒక్కొక్క గింజ ఏరుతున్న. కడిగినంక తేలినయి కూడ తీస్తున్న. పారేసుడు మాత్రం నాతోని అయితలేదు. నకిలీవైనా గింజ రూపంల ఉన్నయి. అన్నపూర్ణను మోరీల ఎట్ల పారేస్త? కోళ్ళకు ఏద్దమంటే వాటియి కూడ ప్రాణాలే. ఎండబెట్టి ఒక స్టీలు డబ్బల పోసి దేవుని గూటి కింద పెట్టిన.

ఇక్కడి అంగన్‌వాడీల కూడ ఇవే బియ్యం వండుతున్నరని సహస్రను పోవద్దన్న. నువ్వు అంగన్‌వాడీల ఆయవు. రోజూ పిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్ళకు నీ చేతులతోని వండి పెడ్తవు. అవి ఏందో నీకు తెలిసి ఉంటది. నిజం చెప్పు.

నీ వదినె,
సారవ్వ


గోలేటి,
గురువారం.

వదినెకు పూలమ్మ శనార్తి.

నీ ఉత్తరం చదివి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదు. కూరల ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నీకు ఏనాడూ తెల్వది గాని బియ్యం మాత్రం ముత్యాలు ఏరినట్టు ఏరుతవు. అన్నం ముద్ద ఎగిరిందంటవా? ఏ అన్నమైనా గట్టిగ పిసికి కొడితే ఎగురుతది. నువ్వు చేసే జొన్న గట్క ముద్దతోని కొడితే గోడే పడుతది. మా అన్న బతికి ఉన్నడంటే ఆయన పుణ్యం.

అవి ప్లాస్టిక్ కాదు వదినా. మాకు మీటింగు పెట్టి చెప్పిన్రు, చేసే తీరు కూడ చూపెట్టిన్రు. బియ్యాన్నే పిండి పట్టి, అందుల ఇనుము, రక్తానికి కావల్సిన విటమిన్లు కలిపి, మళ్ళ గింజ తీరు మిషన్ల ఒత్తుతరు. మనం మురుకులు ఒత్తమా, గట్లనే. అందుకే మెరుపుండదు, తేలికగ ఉంటయి, నీళ్ళల్ల తేలుతయి. ఆడోళ్ళు, పిల్లలు రక్తం లేక పాలిపోతున్నరని సర్కారు ఈ పని పెట్టింది. మొదట మా సెంటర్లకు వచ్చినయి, తరువాత బడి అన్నంల, ఇప్పుడు కంట్రోల్ దుకాణంల.

మొదటి రోజు నా చెయ్యి కూడ ఏరనీకే పోయింది, అబద్ధమెందుకు. తరువాత వండి, పిల్లలకంటె ముందు నేనే తిన్న. ఏం కాలేదు. ఇప్పుడు మా పిల్లలు కంచం నాకి లేస్తున్నరు.

ఒక్క మాట అంట, కోపానికి రాకు. బలమంత ఆ గింజలల్లనే ఉన్నది. నువ్వు నీ బిడ్డ నోటికాడి బలాన్ని ఏరి డబ్బల దాస్తున్నవు. ఇగనన్నా ఆ ఏరుడు ఆపు. సహస్రను అంగన్‌వాడీకి తోలు. గుడ్డు, పాలు కూడ పెడ్తరు.

నీ ఆడబిడ్డ,
పూలమ్మ


గోదావరిఖని,
శనివారం.

పూలమ్మకు,

నీ ఉత్తరం ముందుగాల దేవుని ముందట పెట్టి, తరువాత చదివిన. నీ గట్క మాటకు మీ అన్న పడి పడి నవ్విండు. నాకు నవ్వు రాలేదు.

బిడ్డ ముఖం చూడలేకపోతున్న. దాని పెదవులు తెల్లగ ఉన్నయి. గోర్లు తెల్లగ ఉన్నయి. ఇన్ని దినాలు నా చేతులతోనే దాని బలం తీసి పక్కకు పెట్టిన. ఎవరో చెడు చేస్తున్నరని బుగులు పడ్డ, చేసింది నేనేనా?

ఇగ ఏరను. ఏరినయి ఏం చెయ్యాలెనో కూడ దేవుడు తోవ చూపెట్టిండు. శ్రావణం ఆఖరి శుక్రవారం సహస్రకు ఒడిబియ్యం పోస్తున్నం. ఒడిల పోసే బియ్యం దుకాణంల కొన్నం, పసుపు కలుపుడే ఉన్నది. ఆ పొద్దు చేసే పరమాన్నం మాత్రం డబ్బల ఉన్న గింజలతోనే వండుత. వేరే బియ్యం ఒక్కటి కలుపను. నెయ్యి, బెల్లం ఏసి కడుపునిండ పెడుత. దాని నోటికాడికెల్లి తీసింది దానికే ముట్టాలె. ఇన్ని నెలల బలం ఒక్క పూటల దాని ఒంటికి పట్టాలె. సమ్మక్క తల్లికి మొక్కిన, తల్లీబిడ్డ సుఖంగ వేరైతె బిడ్డ ఎత్తు బెల్లం పెడుతనని.

నీకు సెంటర్ల సెలవు దొరకదని బిక్షం చెప్పిండు. రాకున్నా మంచిదే, మనసుల దీవించు. ఇంకొక మాట రాద్దామనుకున్న గాని ఇప్పుడు రాయను. పని అయినంక చెప్త.

సారవ్వ


గోలేటి,
శుక్రవారం పొద్దుగాల.

వదినా, ఆ డబ్బ ముట్టకు. వండితే పారపొయ్యి. దేవుని ముందట పెట్టినా సరే, పారపొయ్యి. సహస్ర నోట్ల ఒక్క ముద్ద కూడ పడొద్దు.

షిఫ్టు మారిందని బిక్షం నీ ఉత్తరం జేబులనే పెట్టుకొని తిరిగిండు. ఇప్పుడే తెచ్చి ఇచ్చిండు. అన్న ఫోన్ మోగుతున్నది, ఎత్తుతలేడు, డ్యూటీల ఉన్నట్టున్నడు. సహస్ర ఫోన్ బందున్నది. మా టీచరు సెలవుల ఉన్నది, సెంటరు నిండ పిల్లలు, వీళ్ళను ఇడిచి నేను కదలలేను. ఈ కాయితం బస్సు డ్రైవరు సదయ్యకు ఇస్తున్న. మీ ఇల్లు ఆయనకు ఎరికే, బస్సు ఆగంగనే వచ్చి ఇస్తనన్నడు.

నేను ఒక మాట రాయలేదు వదినా. ఆ గింజలు క్వింటాలు బియ్యంల కిలో మాత్రమే కలుపుతరు. మందు తీరు. మందు మంచిదని సీస మొత్తం ఒక్కసారి తాగుతమా? బలమంత అందులనే ఉన్నదని నీకు కోపం తెప్పియ్యనీకి రాసిన. నువ్వు వాటినే వండుతవని నాకు కలల కూడ రాలేదు. ఏడో నెల పిల్ల. ఒట్టి ఆ గింజలే తింటె ఏమైతదో నాకు తెల్వది. తెల్వకనే వద్దంటున్న.

ఫోన్ చేస్తనే ఉంట.

పూలమ్మ


గోదావరిఖని,
భాద్రపదం, మంగళవారం.

శ్రీమతి పూలమ్మ గారికి, సారవ్వ నమస్కరించి రాయునది.

మీరు పంపిన కాగితం సదయ్య గారు తెచ్చేసరికి నేను దవాఖానాలో ఉన్నాను. మీరు ఎన్నిసార్లు ఫోన్ చేశారో తరువాత చూశాము.

సహస్ర ఆ పరమాన్నం తినలేదు. అంతకుముందు ఉత్తరంలో రాయకుండా ఆపిన మాట ఇదే. మీరు ఎంత చెప్పినా నా మనసులో భయం పోలేదు. కడుపుతో ఉన్న బిడ్డకు పెట్టేముందు తల్లి తిని చూడాలి అనుకున్నాను. ఆ రోజు తలస్నానం చేసి, పరిగడుపున, డబ్బాలోని గింజలు గ్లాసు నిండా తీసి విడిగా వండుకొని తిన్నాను. దేవునికి నైవేద్యం పెట్టకముందే ఎంగిలి చేశాను. నా జన్మలో అట్లా చేయలేదు.

కొంతసేపటికి కడుపులో మెలిపెట్టింది. వాంతులు ఆగలేదు. పొయ్యి దగ్గరనే పడిపోయాను. ఐలవ్వ ఆటో పిలిచి తీసుకుపోయింది. రెండు రోజులు సెలైన్ పెట్టారు. ఒడిబియ్యం ఆగిపోయింది. పసుపు కలిపిన బియ్యం పళ్ళెంలోనే ఉండిపోయాయి.

నా బిడ్డ అంతా చూసింది. నా తల ఒడిలో పెట్టుకొని, "అమ్మా, అది నేను తింటే ఏమయ్యేది?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం ముట్టడం లేదు. మీ అన్న ఆ డబ్బాను గోదావరిలో కలిపి వచ్చి, దుకాణంలో మంచి బియ్యం కొని తెచ్చాడు. అవి కూడా తినడం లేదు. కంచం ముందు పెట్టుకొని ఒక్కొక్క మెతుకు వేలితో పక్కకు జరుపుతుంది. నేను చాటలో చేసిన పని ఇప్పుడు నా బిడ్డ కంచంలో చేస్తున్నది. ఛాయ తాగి, రెండు ముక్కలు రొట్టె తిని పడుకుంటుంది.

మా వాడలో అందరూ కంట్రోల్ బియ్యం పారబోశారు. ఐలవ్వ ఇంటింటికీ పోయి నా సంగతి చెబుతున్నది. నేను వద్దనలేదు.

మొన్న రక్తం చూస్తే ఇంకా తగ్గింది. డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చూసింది. రక్తం ఎక్కించాలేమో అన్నది. పోయినేడు కూడా మొదట ఇట్లనే చెప్పారు.

మీ మీద నింద వేయను. మీ మాట విన్నది నేను, వండింది నేను. కానీ ఇక మీదట బియ్యం గురించి నాకు ఏమీ రాయకండి.

ఇట్లు,
సారవ్వ


గోలేటి,
భాద్రపదం, ఐతారం.

వదినెకు, నీ ఆడబిడ్డ పూలమ్మ కాళ్ళు మొక్కి రాసేది.

రాయొద్దన్నా రాస్తున్న. నన్ను తిడితే పడుదును. "గారు" అన్నవు చూడు, అది తట్టుకోలేకపోయిన. మా అమ్మ పోయినప్పటి సంది నా తల దువ్వింది నువ్వు. నేను నీకు ఎప్పటిసంది గారునైన?

ఒక సంగతి చెప్త. గోలేటిల నువ్వు సచ్చిపోయినవు వదినా. ఖనిల ఒకామె కంట్రోల్ బియ్యం తిని సచ్చిందట అని మా సెంటరు కాడికే వచ్చి చెప్పిన్రు. ఆమె మా వదినె, బతికే ఉన్నది అంటే, నీ నౌకరీ కోసం అబద్ధమాడుతున్నవు అన్నరు. ఆ పొద్దు వండిన అన్నం గంజు గిన్నెల అట్లనే ఉన్నది. నేనొక్కదాన్నే కూసోని తిన్న.

మా దగ్గరికి ఇల్మా అని ఒక పిల్ల వస్తుండె. తొలిచూలు, సహస్ర తీరే పాలిపోయిన ముఖం. ఇక్కడ తినవట్టినంక కొంచెం తేరుకున్నది. ఇప్పుడు వస్తలేదు. ఇంటికి పోయి అడిగితే వాళ్ళత్త కుబ్రా బేగం నన్ను మంచిగనే కూసోబెట్టి ఛాయ ఇచ్చింది. "అమ్మా, నీ బియ్యంల మంచి ఉండొచ్చు, చెడు ఉండొచ్చు. నా ఇంట్ల కోడలు ఒక్కతే ఉన్నది" అన్నది. నేను ఆమె తావుల ఉంటే గట్లనే అందును.

ఉప్పు లేనిది మనం బుక్కెడు తినలేము. అట్లని పిడికెడు ఉప్పు పరిగడుపున నోట్ల పోసుకుంటే? వాంతులైతయి. ఉప్పు విషమంటమా? నాకు తెలిసింది ఇంతే. నేను చదివింది కూడ నీ అంతే. అందుకే నా మాట నమ్మకు వదినా. డాక్టరమ్మనే అడుగు. నీ చెవికి దగ్గరికొచ్చి గట్టిగ చెప్పుమను. ఆమె తప్పన్నదంటే నేను ఈ పని ఇడిచిపెడుత. పిల్లలకు వండే చెయ్యి నాది. అది తప్పు చేస్తున్నదేమోనని నాకు కూడ నిద్ర పడుతలేదు.

సహస్రకు ఒక ముద్ద ఎట్లనన్నా తినిపియ్యి. నువ్వు ఏం పెట్టినా సరే, తినిపియ్యి.

పూలమ్మ


గోదావరిఖని,
సద్దుల బతుకమ్మ తెల్లారి.

పూలమ్మకు, మీ వదినె సారవ్వ దీవెనలు.

ఆలస్యంగ రాస్తున్న. కోపంతోని కాదు, చెప్పనీకి ఏమన్నా తేలేదాక ఆగిన.

నీ ఉత్తరం పట్టుకొని డాక్టరమ్మ కాడికి పోయిన. ఆమె కుర్చీ జరుపుకొని నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. నువ్వు తిన్నది విషం కాదు, మోతాదు తప్పింది అన్నది. నెలల తరబడి అన్నంల కొంచెం కొంచెం పోవాల్సింది పరిగడుపున ఒక్కసారి పోసుకున్నవు, అదే కడుపుల బిడ్డ ఉన్న పిల్ల తింటే ఇంకెట్లుంటుండెనో అన్నది. అన్నంల కలిసిన గింజ తినొచ్చు, ఏరొద్దు అన్నది. కాని అన్నంతోనే రక్తం నిండదట, గోళీలు తప్పవట, గుడ్డు, ఆకుకూర తప్పవట. అప్పుడు సహస్ర తల కిందికి ఏసుకొని చెప్పింది, గోళీలు కూడ మింగుతలేనని. వాటిల కూడ ఇనుమే ఉన్నదని ఎవరో అన్నరట, అమ్మ పడ్డది ఇనుముకే కద అని ఆపిందట. డాక్టరమ్మ రాసుడు ఆపింది. నా దిక్కు చూసింది.

నేను ఐలవ్వను వద్దనలేదు అని నీకు రాసిన కద. ఆ మాట ఎంత దూరం పోయిందో అప్పుడు నాకు తెలిసింది.

గోళీలు ఆ పూటనే మొదలు పెట్టిపిచ్చిన. అన్నం మాత్రం నోటికి పోలేదు. నేను తిని చూపెట్టిన, చూసుకుంట కూసున్నది గాని ముట్టలేదు.

నిన్న సద్దుల బతుకమ్మ. మా ఇంటికి పడ్డ కొత్త కంట్రోల్ బియ్యం చాటల పోసి, రాళ్ళు చూసి, ఆ గింజలు ఉన్నయి ఉన్నట్టే ఇడిచిపెట్టి వండిన. పెరుగు సద్ది, నువ్వుల సద్ది చేసిన. ముందు గౌరమ్మకు పెట్టిన. గోదావరి ఒడ్డుకు పోయి బతుకమ్మను సాగనంపినంక, ఎప్పటి తీరే ఆడోళ్ళందరు సద్దులు ఒకరికొకరు పంచుకున్నరు. వాళ్ళ సద్ది నా చేతుల పెట్టిన్రు. నా గిన్నెకు ఎవరూ చెయ్యి చాపలేదు. ఏ బియ్యమని అడిగితే నేనే చెప్పిన. ఐలవ్వ, "సారక్కా, నీకు ఒక్కసారి పడుడు చాలలేదా?" అన్నది. అందరి ముందట నేను కూసోని తిన్న. నీకు నిజం చెప్త, ప్రతి ముద్ద బుగులుతోనే మింగిన. ఏమీ కాలేదు.

నిండు గిన్నెతోనే ఇంటికొచ్చిన. నిండు నెలల పిల్ల మునిమాపు నీళ్ళ ఒడ్డుకు రావద్దని సహస్రను గడప కాడ కూసోబెట్టి పోయిన. గిన్నె చూసింది.

"ఎవరూ తినలేదా అమ్మా?"

"నేను తిన్న."

"బుగులు కాలేదా?"

"అయింది బిడ్డా. ఇప్పుడు కూడ అయితున్నది."

గిన్నె దగ్గరికి జరుపుకున్నది. తరువాత చెయ్యి చాపింది. పూలమ్మా, నేను ముద్ద చేసిన గాని నా వేళ్ళు విడువలేదు. దాని చేతుల పెట్టాలె, పెట్టలేకపోతున్న. సహస్రనే నా వేళ్ళు ఒక్కొక్కటి విప్పి తీసుకున్నది. ఏరలేదు. తిన్నది. ఇంకొక ముద్ద అడిగింది.

ఇయ్యాల పొద్దటి సంది దాని వెనుకనే తిరుగుతున్న. తుమ్మితే బుగులు, పండుకుంటే బుగులు. ఎందుకమ్మా నా ముఖంల ముఖం పెట్టి చూస్తున్నవు అని ఇసుక్కున్నది. ఐలవ్వ గోడ మీదికెల్లి తొంగిచూసి, "ఇద్దరు లేచిన్రా?" అని అడిగింది. లేచినం అన్న. కొంచెం సేపటికి వచ్చి, మిగిలిన నువ్వుల సద్ది ఉన్నదా అన్నది. చేతుల పెడితే ఇంటికి పోయి తింట అని కొంగుల కట్టుకొని పోయింది. తిన్నదో లేదో నాకు తెల్వది.

రక్తం ఏ మాత్రం పెరిగిందో వచ్చే వారం చూస్తరు. పురుడు కార్తీకం మొదట్ల అంటున్నరు. అప్పటిదాక నా ప్రాణం నా దగ్గర ఉండదు.

గోలేటిల నేను సచ్చిపోయిన అన్నవు కద. నువ్వు ఎంత చెప్పినా వాళ్ళు నమ్మరు. నేనే వస్త. వచ్చే ఐతారం బిక్షం వెంబడి వచ్చి, సోమవారం నీ సెంటర్ల పిల్లల నడుమ కూసుంట. నువ్వు వండింది నాకు పెట్టు. కుబ్రా బేగంను కూడ పిలువు. సచ్చినామె వచ్చి తింటాంటే చూడనీకన్నా వస్తరు. ఆ ఒక్క పూట సహస్రను ఇడిచి ఎట్ల ఉంటనో నాకు తెల్వది. మీ అన్న సెలవు పెడుతనన్నడు.

ఇందాక బియ్యం కడిగిన. నాలుగు గింజలు పైకి తేలినయి. చెయ్యి దానంతట అదే పోయింది. దేవుడా అనుకొని, వాటిని వేలితోని మెల్లగ మళ్ళ నీళ్ళల్ల ముంచిన. మళ్ళ తేలినయి. అట్లనే ఎసట్ల పోసిన.

నీ వదినె,
సారవ్వ